దిగుడులో కూసిన జీపు

ఈ ప్రయాణానికి నేను బట్టలకంటే సామాను ఎక్కువ తీసుకెళ్ళాను. నాలుగు సైజుల జెట్లు, ప్యాకింగ్ కాగితం, స్పార్క్ ప్లగ్గులు, సందులు కొలిచే రేకులు, గ్రీజు డబ్బా, రెండు టార్చిలైట్లు. స్వెట్టరు మరిచిపోయాను. పుష్యమాసపు చలిలో చింతపల్లి వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ వరస తిరగేసి సర్దుకోవడం మంచిది.

గాజువాకలో మా షెడ్డు పని పాత బళ్ళ ఇంజన్లు విప్పి, బలం పెంచి, మళ్ళీ బిగించడం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బీచ్ రోడ్డులో నలుగురూ తిరిగి చూడాలని వస్తారు. యోహాను అలా రాలేదు. గూడెం కొత్తవీధి దాటాక అడవి దారిలో ఉన్న నాలుగు ఊళ్ళకి సర్వీసు జీపు నడపాలని, జత ఎద్దుల్ని అమ్మి ఒక పాత పెట్రోల్ జీపు కొన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. తక్కువ మాట్లాడతాడు. "ఎద్దులు నేవు. ఇది నడవకపోతే నాను నడవాల" అన్నాడు మొదటిరోజే.

దానికి మేం చేసిన పని ఇది: సిలిండర్లు సాపు చేయించి కొత్త పిస్టన్లు వేశాం. హెడ్డు కొద్దిగా కోయించాం. ఒంటి గొట్టం కార్బొరేటర్ తీసేసి, మధ్యలో ఒక దళసరి ప్లేటు పెట్టి, దానిమీద రెండు గొట్టాల పెద్ద కార్బొరేటర్ కూర్చోబెట్టాం. ఆ రకం కొత్తవి రావడం లేదు. పాత ఇనప సామాన్ల కొట్లో వెతికి నేనే తెచ్చి, విప్పి, కడిగి బిగించాను. కానీ కొండ మీద గాలి పలచన. కింద సరిపోయిన పెట్రోలు పైన ఎక్కువైపోతుంది. ఆ లెక్క అక్కడే కుదర్చాలి కాబట్టి యోహానుతో నేనూ బయల్దేరాను.

లంబసింగి

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే సగం నుంచే నల్లటి పొగ మొదలైంది. పైన టీ కొట్టు ముందు ఆపాం. అక్కడ మా ఊరి కుర్రాళ్ళు గుంపులుగా నిలబడి, నోట్లోంచి వచ్చే ఆవిరిని ఫొటోలు తీసుకుంటున్నారు. గాజువాకలో పది రూపాయల టీ ఇక్కడ ఇరవై. మంచు చూసినందుకు మిగతా పది.

కొట్టాయన అనకాపల్లి వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాడట. పొగ చూసి, "ఏటి తమ్ముడూ, జీపుకి చుట్ట అలవాటుందేటి?" అన్నాడు.

"మాన్పిస్తున్నాను" అని కార్బొరేటర్ మూత తీశాను. ఇంకా చిన్న జెట్టు వెయ్యాలి. జెట్టంటే బఠాణీ గింజంత ఇత్తడి ముక్క. నడుమ పెట్రోలు పారే సన్నటి రంధ్రం ఉంటుంది. వేళ్ళు కొంకర్లు పోయి అది జారి, గెంతి, ఆయన పంచదార డబ్బాలో పడింది. ముగ్గురం కలిసి పంచదార పేపరు మీద పరిచి వెతికాం. దొరికాక రంధ్రంలో ఇరుక్కున్న పలుకు కరగడానికి వేడి టీ నీళ్ళలో ముంచాం. ఆ టీ నాకే పోశాడు.

"ఏ దారి సర్వీసు?" అని అడిగాడు యోహానుని.

"నేరేళ్ళగొంది దారి."

కొట్టాయన గరిటె ఆపాడు. "ఆ దారికి జీపెల్లి రెండు వానలయింది గదా."

"అందుకే కొన్నాను" అన్నాడు యోహాను. కొట్టాయన మళ్ళీ గరిటె తిప్పసాగాడు.

చింతపల్లి, గూడెం

పొగ పోయింది. జీపు ఎద్దులబండి లాగ కాకుండా మేక లాగ ఎక్కసాగింది. చింతపల్లిలో అడ్డాకుల విస్తరిలో భోజనం చేశాం. అన్నం, రాజ్మా కూర, ఎండుమిరప పచ్చడి. మా వైపు రాజ్మా అంటే పెళ్ళి భోజనాల్లో ఉత్తరాది వంట. ఇక్కడ పొలంలోంచి నేరుగా కుండలోకి వస్తుంది. దారి పొడుగునా రోడ్డు మీద పట్టాలు పరిచి కాఫీ గింజలు ఎండబెట్టారు. బళ్ళు వాటిని తప్పించుకుంటూ వెళ్తాయి. అన్ని గింజల మధ్య ఏ హోటల్లో అడిగినా టీయే దొరికింది.

ఇంకో తేడా గమనించాను. మా ఊళ్ళో హారన్ లేకపోతే బండి కదలదు. గూడెం దాటాక ఎవరూ హారన్ కొట్టరు. అదేమిటని అడిగాను.

"ఏటికి కొట్టాల? ఇంజను చప్పుడుంది గదా" అన్నాడు యోహాను. ఈ కొండల్లో ఎవరి బండి చప్పుడు వాళ్ళకి పేరులాంటిదట. తోటల్లో పని చేసుకుంటున్నవాళ్ళు పై మలుపులో చప్పుడు విని, అది ఎవరి జీపో, ఎక్కడికి పోతుందో చెప్పేస్తారట. అది కిందికి చేరేసరికి రోడ్డు పక్కన నిలబడి ఉంటారు.

నాకు ఇంజనీరుగా ఆ మాట నచ్చింది. డిప్లొమాలో చెప్పని విషయం అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మెట్ట దిగుడు

గూడెం నుంచి అడవి దారి ఒక మెట్ట మీదికి ఎక్కి, అక్కడినుంచి కొయ్యూరు వైపు పొడుగ్గా దిగుతుంది. ఆ దిగుడులోనే ఒకదాని కింద ఒకటి నాలుగు ఊళ్ళు. అన్నిటికంటే కిందది నేరేళ్ళగొంది, యోహాను ఊరు. ఇంకా కిందికి పోతే సంత. మర్నాడే సంత. యోహాను మొదటి బేరం అదే.

మెట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. చెట్ల మధ్య మంచు పేరుకుంటోంది. యోహాను యాక్సిలేటర్ మీంచి కాలు తీసి, రెండో గేరులో బండిని దిగుడుకి వదిలాడు.

అప్పుడు కూత వచ్చింది.

సన్నగా మొదలైంది. ఎవరో నాలుక మడిచి ఈల వేసినట్టు. బండి వేగం పెరిగినకొద్దీ పైకి లేచి, కొసన రెండుగా చీలింది. కాలు ఆనిస్తే ఆగిపోయింది. తీస్తే మళ్ళీ వచ్చింది.

యోహాను బ్రేకు తొక్కి ఇంజన్ ఆపేశాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"సారూ, ఈ కార్బేటర్ ఎక్కడ కొన్నారు?"

చెప్పాను. తల ఊపాడు. ఏమైందని అడిగితే, "ఇంటికెల్లాక" అని మళ్ళీ స్టార్ట్ చేశాడు.

మొదటి ఊరు కనిపించేసరికి రోడ్డు పక్కన మూటలున్నాయి. పసుపు బస్తాలు, కొండచీపుర్ల కట్టలు, ఆకులు కప్పిన బుట్టలు. వరసగా, ఒకదాని పక్కన ఒకటి. వాటి దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. మేం దాటుతుంటే దూరంగా వాకిళ్ళలో జనం కనిపించారు. చేతులు కిందికి వేసి, కదలకుండా, మా వైపే చూస్తున్నారు. పిల్లలు కూడా పరుగెత్తుకు రాలేదు. రెండో ఊళ్ళోనూ అంతే. మంచులో మూటలు మాత్రమే మనుషుల్లాగ కూర్చుని ఉన్నాయి.

మూడో ఊరి దగ్గర ఒకామె రోడ్డు మధ్య దాకా వచ్చి నిలబడింది. చేతిలో మూట లేదు. బండి ఆపమన్నట్టు చెయ్యి పైకెత్తి ఉంది. యోహాను ఆపాడు. ఆమె నన్ను చూడలేదు. వంగి యోహాను ముఖంలోకి చూసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించేసింది.

"వదినా" అన్నాడు యోహాను.

ఆమె పక్కకి తప్పుకుంది.

నేరేళ్ళగొంది

యోహాను భార్య మార్తమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏటయ్యా, కొత్త జీపు కొంటానని ఎల్లి పాత సప్పుడు తెచ్చేవు?" అంది. మాట వేళాకోళంలాగే ఉంది. ముఖం అలా లేదు.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చింది. సామ అన్నంలోకి ఎండుచేపల పులుసు. మేం రాగి అనేదాన్ని వీళ్ళు చోడి అంటారు. చలికి అంతకంటే మంచి తిండి లేదు. తింటుండగా యోహాను చెప్పాడు.

ఈ దారిలో ఇదివరకు ఒకటే జీపు ఉండేది. అదీ పెట్రోలుదే. నడిపేవాడు సన్నిబాబు. దిగుడులో అతని జీపు ఇలాగే కూసేది. సంత ముందురోజు సాయంత్రం అతను మెట్ట మీంచి ఇంటికి దిగుతుంటే, ఆ కూత విని జనం మూటలు రోడ్డు మీదికి దింపి ఇళ్ళకి పోయేవారు. తెల్లారి అతను ఖాళీ బండితో మెట్ట ఎక్కి, దిగుతూ అన్నీ ఎత్తుకునేవాడు. రెండు వానల కిందట ఒక సాయంత్రం సంత నుంచి ఒంటరిగా వస్తూ, ఊళ్ళకి దిగువనున్న పెద్ద మలుపులో లోయలో పడ్డాడు. మనిషిని ఇక్కడే పాతిపెట్టారు. జీపుని ముక్కలు చేసి పాత ఇనుము కొనేవాళ్ళు కిందికి పట్టుకుపోయారు. రోడ్డు మీదికి వచ్చినామె అతని భార్య కాసులమ్మ.

"కూత ఇన్నారు, దింపీసేరు. కాళ్ళకి అలవాటు" అన్నాడు యోహాను. "తరవాత గేపకం వొచ్చుంటాది."

"నువ్వు దెయ్యాల్ని నమ్ముతావా అన్నా?"

"చర్చికెల్లేవోడిని. నమ్మను. నమ్మనోడికి కూడా చెవులుంటాయి గదా సారూ."

నేను వెంటనే టార్చిలైటు తీసుకుని బానెట్ ఎత్తాను. నాకు కారణం కావాలి. దొరికింది కూడా. కాలు తీసి గేరులో దిగుతున్నప్పుడు కార్బొరేటర్ లోపలి రేకు మూసుకుని ఉంటుంది. ఇంజన్ మాత్రం గాలి కోసం బలంగా పీలుస్తుంది. ఎక్కడ సందుంటే అక్కడినుంచి లాగుతుంది. ఆ రేకుని తిప్పే కడ్డీ రంధ్రం అరిగిపోయి కోలగా ఉంది. వేలితో కదిపితే కడ్డీ ఆడింది. ఇంతదాకా ఇలాంటి పొడుగు దిగుడు తగల్లేదు కాబట్టి బయటపడలేదు. అలా అరిగిన కార్బొరేటర్ ఏదైనా కూస్తుంది. ఇది ఫలానా జీపుదే అనడానికి ఆధారం లేదు. ఇదంతా యోహానుకి వివరించాను. అన్నీ విని, "ఆపగలరా?" అన్నాడు.

మార్తమ్మ ఇచ్చిన చిరిగిన గొంగడిలోంచి చిన్న చక్రాలు కత్తిరించి, గ్రీజులో నానబెట్టి, కడ్డీ రెండు చివరలా దూర్చి బిగించాను. ఇంజన్ పెంచి ఒక్కసారి వదిలాను. కూత లేదు. మళ్ళీ వదిలాను. లేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

సంత రోజు

తెల్లారాక ఖాళీ బండితో మెట్ట ఎక్కాం. మూటలు పెట్టినచోటే ఉన్నాయి, మంచుకి తడిసి. మెట్ట మీద తిప్పుకుని దిగడం మొదలుపెట్టాం. జీపు మెత్తగా, చప్పుడు చేయకుండా దిగింది. నా చేతిపనికి లోపల సంతోషపడుతున్నాను.

ఎవరూ రోడ్డు మీదికి రాలేదు.

మొదటి ఊళ్ళో యోహాను దిగి వాకిలి దాకా వెళ్ళి పిలవాల్సి వచ్చింది. బుద్రయ్య అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. వెనక నలుగురైదుగురు.

"ఎక్కించండి తాతా. బేగి ఎల్లిపోదాం" అన్నాడు యోహాను.

"ఈ మూటలు నీ జీపుకి దింపినవి కాదు."

"మరి ఎవరి జీపుకి దింపేరు?"

ముసలాయన జీపు ముందుభాగాన్ని చూశాడు, ఎవరో లోపలున్నట్టు.

"అలాగైతే ఇంటికి పట్టుకుపోండి, తడిసిపోతున్నాయి" అన్నాను నేను.

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. యోహాను నా భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. సంతకని గుమ్మం దాటించిన మూటని మళ్ళీ లోపలికి తేరట. తెస్తే మరుసటి పంట ఇంటికి రాదట. వేరే బండికి ఎత్తరు. ఇంటికి తేరు. "కుళ్ళిపోయినా రోడ్డు మీదే" అన్నాడు. ఏడాది పసుపు, మిరియాలు, రాజ్మా. రెండు ఊళ్ళు దాటేసరికి నాకు లెక్క అర్థమైంది. వాళ్ళ పంట పోతుంది. ఆ పంట ఈ జీపు మూలంగా పోయిందనే మాట మిగులుతుంది. ఆ తరవాత యోహాను బండి ఎవరూ ఎక్కరు. కూత ఉన్నా తప్పే, ఆపినా తప్పే అయింది.

మూడో ఊరి దగ్గర కాసులమ్మ మాకు ఎదురు నడిచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. తలకి ముసుగు కట్టుకుంది. ఈసారి నన్నే అడిగింది.

"నిన్నటి కూతేది బాబూ?"

"ఆపేశానమ్మా."

"ఎందుకాపేవు?"

"అందరూ భయపడుతున్నారని."

"భయపడితే పడనీ. కూత ఇని దింపేరు. ఆ కూతే ఎత్తుకోవాల." బానెట్ వైపు చూసి, "మళ్ళీ పెట్టగలవా?" అంది.

"అడ్డు పెట్టింది తీసెయ్యడం తేలికే" అన్నాను. యోహాను వైపు చూశాను. అతను కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన అయ్యాక, "తీసీండి సారూ" అన్నాడు.

గొంగడి చక్రాలు ఊడదీశాను. కాసులమ్మ ముందు సీట్లో అంచున కూర్చుంది. నేను వెనక. మళ్ళీ మెట్ట ఎక్కి, అక్కడ బండి తిప్పి, యోహాను కాలు తీశాడు.

కూత మంచులోకి మాకంటే ముందు వెళ్ళింది. నాకు కారణం తెలుసు. కడ్డీ రంధ్రం ఏ పక్క ఎంత అరిగిందో తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూశాను. మొదటి ఊరు చేరేసరికి జనం మూటల పక్కనే నిలబడి ఉన్నారు. ఎవరూ ఛార్జీ ఎంతని అడగలేదు. ముందు సీట్లో ఎవరున్నారో చూసి, మూటలు ఎత్తి, ఎక్కారు. బుద్రయ్య నా పక్కన కూర్చుని కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. రెండో ఊరు, మూడో ఊరు, నాలుగోది. బండి కిందికి అణిగిపోయింది. బస్తాల మీద మనుషులు, మనుషుల ఒళ్ళో బుట్టలు. ఒక్క దగ్గు కూడా వినపడలేదు.

పెద్ద మలుపు

"ఆపు" అంది కాసులమ్మ.

యోహాను బ్రేకు వేయకముందే ఇంజన్ తనంతట తను ఆగిపోయింది. కూత మధ్యలో తెగింది. నేను దిగి బానెట్ ఎత్తాను. కార్బొరేటర్ ఒంటినిండా తెల్లటి మంచు పట్టింది. ఇది జరిగేదే. చలిలో, తేమలో, కాలు తీసి చాలాసేపు దిగితే లోపల నీరు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఇంజన్ వేడికి దానంతటదే కరుగుతుంది. ఎదురుచూడటం తప్ప చెయ్యాల్సిందేమీ లేదు. వెనక్కి వచ్చి ఆ మాటే చెప్పబోయాను.

కాసులమ్మ సీటు అంచునుంచి లోపలికి, యోహాను వైపుకి జరుగుతోంది. లోయ పక్క చోటు ఖాళీ చేసింది. చీర కొంగు కూడా ఇవతలికి లాక్కుంది. ఆమె జరగగానే, వెనకున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే తలా కొంచెం లోపలికి జరిగారు. ఊపిరాడనంత ఇరుకులో అలా ఎలా జరగగలిగారో నాకు తెలియదు. నేను వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. లోయలోంచి మంచు పైకి వచ్చి, జీపులోంచి అవతలికి పోతోంది.

"పద" అంది.

యోహాను తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. సంత దాకా ఆ ఖాళీ చోట్లోకి ఒక్క బుట్ట కూడా ఒరగలేదు.

సంత

సంతలో ఎండ వచ్చింది. దించిన మూట దించినట్టే కిందినుంచి వచ్చిన వ్యాపారులు చుట్టుముట్టారు. తడిసిన పసుపుకి ధర తగ్గించారు. బుద్రయ్య వాళ్ళని తిట్టాడు. ఆ తిట్లు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆఖరి బుట్ట దిగేదాకా కాసులమ్మ సీట్లోంచి కదల్లేదు. తరవాత డ్రైవరు వైపునుంచి దిగి, జీపుని చుట్టి ఇవతలికి వచ్చి, ఖాళీ సీటు పక్కన నిలబడింది. ఎవరో దిగడానికి చోటిచ్చినట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయిపోనాది" అంది. ఆ మాట నాతో కాదు.

ఆ తరవాత నా దగ్గరికి వచ్చింది. "ఇంక ఆపీ బాబూ. ఆయన బేరం ఆయన సేసేడు."

గొంగడి చక్రాలు జేబులోనే ఉన్నాయి. సంత మధ్యలో, ఎండుచేపల వాసనలో కూర్చుని మళ్ళీ బిగించాను. ఇంజన్ పెంచి వదిలితే కూత లేదు. నేను పనిచేస్తుంటే కాసులమ్మ ఉప్పు, రెండు ప్లాస్టిక్ మగ్గులు కొనుక్కుని వచ్చి వెనక సీట్లో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుంది. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు చోటు కోసం పోట్లాడుకున్నారు.

తిరుగు దారంతా ఎక్కుడు. జీపు బాగా లాగింది. ఊరు ఊరుకీ దించుకుంటూ పోయి, చివరికి పై ఊళ్ళో బుద్రయ్య దిగాడు. దిగినవాడు ఇంట్లోకి పోలేదు. మిగతావాళ్ళూ పోలేదు. మూడో ఊళ్ళో దిగిపోవాల్సిన కాసులమ్మ కూడా పైదాకా వచ్చింది.

"ఏదీ, నీ జీపు ఎలగ మోగుతాదో ఓపాలి ఇనిపించు" అన్నాడు బుద్రయ్య యోహానుతో. "తెలవకపోతే వొచ్చే సంతకి మూటలెలగ దించుతాం?"

యోహాను నా వైపు చూడలేదు. సీట్లో సర్దుకుని కూర్చుని, యాక్సిలేటర్ తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. జనం జీపుకి వీపు తిప్పి, తోటల వైపు మొహం పెట్టి నిలబడ్డారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. కాసులమ్మ ముసుగు చెవి వెనక్కి లాక్కుని వింది.

"ఇంకోపాలి" అంది.

యోహాను మళ్ళీ తొక్కాడు.